సైకిలు దారి, పటము, కొండ

రెండు ఊళ్ళ నడుమ దూరమెంత యని అడిగినచో కారు నడుపువాడును, సైకిలు త్రొక్కువాడును ఒకే అంకె చెప్పుదురు. ఆ అంకె కారువానికి చాలును, సైకిలువానికి చాలదు. దారిలో గట్టున్నదా, లేదా? రోడ్డు తారుదా, కంకరదా? లారీల రద్దీ యెంత? ఇట్లు అతడు మరి నాలుగు ప్రశ్నలు వేయును. నేడు చేతిలోని ఫోనుపై రెండు చోట్లు చూపినంతనే దారి గీసి యిచ్చు సాఫ్టువేరులు ఎన్నో యున్నవి. వానిలో సైకిలుకు పనికివచ్చునది ఏది యని మా విద్యార్థులు నన్ను అడుగుచుందురు. ఒక పేరు చెప్పి ఊరకుండుట సులభమే. కాని ఆ పటములు ఎట్లు పుట్టినవో, వాని కడుపులో ఏమున్నదో తెలిసినవాడు ఆ యెన్నికను తానే చేసికొనగలడు. ఆ చరిత్ర నూటనలుబది యేండ్లకు పైబడినది.

ముందుగా ఒక చిన్న లెక్క. త్రొక్కువాడు, సైకిలు, సామాను కలిసి 80 కిలోగ్రాములనుకొందము. 100 మీటర్ల యెత్తు ఎక్కుటకు చేయవలసిన పని 80 × 9.8 × 100, అనగా 78,400 జౌలులు. చదునైన మంచి రోడ్డుపై గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు గాలి ఎదురును, చక్రముల రాపిడియు కలిసి అతనిని సుమారు 16 న్యూటనుల బలముతో అడ్డగించును. 78,400ను 16 చేత భాగించినచో 4,900 వచ్చును. అనగా 100 మీటర్లు ఎక్కుటకు పట్టు శక్తితో చదునునేలపై దాదాపు 5 కిలోమీటర్లు పోవచ్చునన్నమాట. దిగునపుడు ఆ శక్తి తిరిగి వచ్చును గదా యని చురుకైన విద్యార్థి అడుగును. కొంత వచ్చును. కాని వేగము హెచ్చినకొలది గాలి ఎదురు వేగము యొక్క వర్గమును బట్టి హెచ్చును. మలుపు రాగానే బ్రేకు పట్టవలసివచ్చును. బ్రేకు రబ్బరు వేడెక్కుటలో పోయిన శక్తి మరల రాదు.

ఈ లెక్కను ఇంగ్లండులోని తొలి సైకిలు యాత్రికులు కాగితముపై వేసికొనలేదు. ఒళ్ళు హూనమై నేర్చుకొనిరి. 1878లో హారోగేటు పట్టణమున వారి సంఘమొకటి వెలసెను. 1883 నుండి దానికి ‘సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్’ అని పేరు. ఆనాటి సైకిలుకు ముందుచక్రము మనిషి రొమ్మెత్తు. ఆసనము దాని నెత్తిన. ఎక్కుటకన్న దిగుటయే ప్రాణాంతకము. చక్రమునకు రాయి తగిలినచో త్రొక్కువాడు తలక్రిందుగా ముందునకు పడును. అందువలన 1880వ దశాబ్దమున ఈ క్లబ్బువారును, మరియొక సంఘమువారును చేరి ప్రమాదకరమైన కొండవాలుల నెత్తిన పోతయినుప హెచ్చరిక పలకలను నాటించిరి. వాలును గూర్చిన సమాచారమును బాటసారికి ముందుగా తెలుపు పని అట్లు మొదలైనది. అదియు ప్రభుత్వము చేసినది కాదు, త్రొక్కువారు చేసికొన్నది.

1885లో స్టార్లీ తయారుచేసిన ‘రోవర్’ సైకిలు వచ్చెను. రెండు చక్రములును ఇంచుమించు సమానము. గొలుసుతో వెనుకచక్రము తిరుగును. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చెను. పిమ్మట పదియేండ్లలో సైకిలు ధనికుల వినోదము కాక గుమాస్తాల, ఉపాధ్యాయుల వాహనమైనది. వారు ఆదివారమునాడు ఊరు దాటిపోవుటకు పటము కావలసెను. సర్కారు సర్వే పటములు ఉన్నమాట నిజమే. కాని అవి పెద్దవి, ఖరీదైనవి. సైనికుల అవసరమును తలచి పుట్టినవి.

ఈ కొరతను ఎడింబరో నగరమునందలి ఇద్దరు ప్రచురణకర్తలు రెండు తీరులుగా తీర్చిరి. మొదటివారు బార్తలోమ్యూ కుటుంబము. రెండు మైళ్ళకు ఒక అంగుళము చొప్పున వేసిన వారి పటములలో పల్లమునకు ఆకుపచ్చ, మెట్టకు గోధుమవన్నె పూసి, ఎత్తు పెరిగినకొలది రంగును చిక్కబరచిరి. సమోన్నత రేఖలను చదువుట రానివాడు సైతము పటము విప్పగానే కొండ యెక్కడున్నదో కనుగొనును. రెండవవాడు హారీ ఇంగ్లిస్. 1896లో వెలువడిన అతని ‘కాంటూర్ రోడ్ బుక్ ఆఫ్ స్కాట్లండ్’లో ప్రతి రోడ్డునకును ఒక బొమ్మ యున్నది. అది పైనుండి చూచిన బొమ్మ కాదు. రోడ్డును నిలువునా కోసి ప్రక్కనుండి చూచినట్లు, ఎత్తుపల్లములను ఒక రేఖగా గీసిన బొమ్మ. నేటి ఫోనుపై దారి క్రింద కనిపించు కొండలబొమ్మకు పూర్వరూపము ఇదే యనవచ్చును. నా మట్టుకు ఇంగ్లిస్ బొమ్మయే గొప్పదని తోచును. రంగు పటము కొండ యున్నదని మాత్రము చెప్పును; ఇది ఆ కొండ నీ దారిలో ఎన్నవ మైలున వచ్చునో చెప్పును.

బార్తలోమ్యూ పటముల విషయమున గమనింపదగిన ఏర్పాటు మరియొకటి కలదు. కొన్ని దశాబ్దములపాటు ఆ పటములందలి రోడ్లను సరిచూచినది సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ సభ్యులే. ఏ రోడ్డు మంచిది, ఏది చెడినది, ఏది పటములో నుండియు నేలమీద లేదు అన్న సంగతులను వారు వ్రాసి పంపుచుండిరి. పటము వాడువాడే పటము దిద్దువాడు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు, మరల వచ్చును. 1920వ దశాబ్దమున మోటారుకార్లు పెరిగి, బ్రిటిషు ప్రభుత్వము రోడ్లకు ‘ఎ’, ‘బి’ తరగతులు ఏర్పరచిన తరువాత పటముల రంగులు కారువాని కంటికి తగినట్లు మారినవి. సైకిలు త్రొక్కువాడు ఎర్రగీతలను తప్పించుకొని సన్నగీతలను వెదకికొనువాడయ్యెను.

ఇక కథ హాలెండుకు పోవును. 1956లో ఆమ్‌స్టర్‌డామ్ మేథమెటికల్ సెంటరువారు ‘ఆర్మాక్’ అను కొత్త కంప్యూటరును ప్రజలకు చూపదలచిరి. సామాన్యులకు అర్థమగు లెక్క యొకటి దానిచేత చేయింపవలెను. అచట పనిచేయుచున్న ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అను యువకుడు, దేశములోని 64 పట్టణముల పటమును తీసికొని, ఏ రెండింటి మధ్యనైనను అతి దగ్గరి దారిని యంత్రము కనుగొనవలెనని నిశ్చయించెను. తనకు కాబోవు భార్యతో బజారులో తిరిగి అలసి, కాఫీ త్రాగుచు ఇరువది నిమిషములలో, కాగితము కలము లేకుండ ఆ పద్ధతిని ఆలోచించితినని అతడు తరువాత చెప్పెను. 1959లో అచ్చయిన ఆ వ్యాసము మూడు పుటలు.

పద్ధతి ఇది. బయలుదేరు ఊరికి సున్న వేయుము. దానినుండి పోదగిన ఊళ్ళకు ఆ దారుల వెలలను వ్రాయుము. అన్నిటిలో తక్కువ అంకె గల ఊరికి ఆ అంకెను స్థిరపరచుము. ఇపుడు ఆ ఊరినుండి ముందునకు పోవు దారుల వెలలను దానికి కూడి, తగ్గినచోట పాత అంకె కొట్టివేసి కొత్తది వ్రాయుము. మరల తక్కువ అంకెను స్థిరపరచుము. గమ్యము స్థిరపడువరకు ఇట్లే. స్థిరపరచిన అంకె ఇక తగ్గదని నమ్మకమేమి? అంతకన్న ఎక్కువ అంకె గల ఊరిమీదుగా చుట్టి వచ్చినచో వెల పెరుగునే కాని తగ్గదు గనుక. ఈ నమ్మకమునకు ఆధారము ఒక్కటే: ఏ దారి వెలయు సున్నకు తక్కువ కారాదు.

నేను ‘దూరము’ అనక ‘వెల’ యనుట కావలెననియే. యంత్రమునకు అది దూరమైనను, కాలమైనను, శ్రమయైనను ఒకటే. ‘క’ అను ఊరినుండి ‘ఘ’ అను ఊరికి రెండు దారులున్నవనుకొందము. మొదటిది తిన్నగా కొండ దాటిపోవు 8 కిలోమీటర్ల దారి. 200 మీటర్లు ఎక్కి ఆవలివైపు దిగవలెను. రెండవది ‘ఖ’, ‘గ’ల మీదుగా పల్లమున చుట్టిపోవునది, 4, 5, 4 కలిసి 13 కిలోమీటర్లు, ఎక్కుడు మొత్తము 20 మీటర్లే. దూరమే వెలయైనచో యంత్రము కొండదారిని చూపును. 100 మీటర్ల ఎక్కుడును 5 కిలోమీటర్లుగా కట్టినచో కొండదారి 8 + 10 = 18; చుట్టుదారి 13 + 1 = 14. యంత్రము చుట్టుదారిని చూపును. పద్ధతిలో ఒక్క అక్షరము మారలేదు, మారినది వెల. 1968లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూటునందు హార్ట్, నిల్సన్, రఫేలు అనువారు గమ్యము ఏ దిక్కున నున్నదో గమనించి వెదకు ‘ఎ స్టార్’ పద్ధతిని ప్రకటించిరి. వెదకుట వేగమైనది. వెల కట్టు బాధ్యత మాత్రము మనిషిదిగానే మిగిలినది.

ఇచట ఒక చిక్కు కలదు. దిగుటలో శక్తి తిరిగి వచ్చునని, ఒక కిలోమీటరులో 100 మీటర్లు దిగు దారికి 1 − 5 = −4 అని వెల వేసినామనుకొనుడు. సున్నకు తక్కువైన వెల! డైక్‌స్ట్రా నమ్మకము అచటనే కూలును. కాబట్టి దిగుడుకు బహుమతి ఈయరాదు. ‘బి-రౌటర్’ అను సాఫ్టువేరు రచయిత దీనికి చేసిన పరిష్కారము నాకు మిక్కిలి నచ్చినది. అందులో ‘ట్రెకింగ్’ అను ఏర్పాటునందు ఎక్కుడుకు వెల లేదు, దిగుడుకే వెల! తలక్రిందుగా తోచును గాని ఆలోచించి చూడుడు. ‘క’ నుండి ‘ఘ’కు ఏ దారిన పోయినను, మొత్తము ఎక్కుడులోనుండి మొత్తము దిగుడును తీసివేయగా మిగులునది ఆ రెండు ఊళ్ళ యెత్తుల భేదమే. అది మారదు. కావున దిగుడు తక్కువైన దారియే ఎక్కుడు తక్కువైన దారి. పైగా బ్రేకులో వృథాయగు శక్తికి వెల కట్టినట్లును అగును. నూటికి ఒకటిన్నర మీటరుకన్న తక్కువ వాలునకు అతడు వెల వేయలేదు. అట్టి వాలులో మన 80 కిలోలను ముందునకు లాగు బలము 80 × 9.8 × 0.015, అనగా 12 న్యూటనులకు లోపే. ఎదురు 16 న్యూటనులు. బ్రేకు పట్టవలసిన పనియే లేదు. అచట శక్తి వృథా కాదు.

పద్ధతి 1956లోనే దొరికినను సైకిలువానికి ఫలము నలుబది యేండ్ల వరకు అందలేదు. రోడ్ల సమాచారము యంత్రమునకు అర్థమగు రూపమున లేకపోవుటయే కారణము. బ్రిటనులో ఆర్డనెన్స్ సర్వే తన పెద్దపటములు సుమారు 2,30,000 ఫలకములను అంకెలలోనికి మార్చుట 1995కు గాని ముగియలేదు. పిమ్మట కొన్నియేండ్లకు ‘మెమరీ మ్యాప్’, ‘ట్రాక్‌లాగ్స్’, ‘ఆంక్వెట్’ మొదలైనవి సీడీలపై అమ్మకమునకు వచ్చినవి. ఇవి సర్వే పటము యొక్క ఛాయాచిత్రములు. కంటికి ఇంపుగా నుండును, ప్రతి సమోన్నత రేఖయు కనబడును. కాని యంత్రమునకు అది రంగుచుక్కల కుప్ప. ఏది రోడ్డో, ఏది వాగో తెలియదు. దారిని మనమే మలుపు మలుపునకు గుర్తు పెట్టుచు గీయవలెను. మరియొకవైపు మైక్రోసాఫ్టువారి ‘ఆటోరూట్’ వంటివి దారిని తామే వెదకును. వానికి తెలిసిన రోడ్లు కారు రోడ్లు. కొండ యను మాట వానికి పట్టదు. (2014లో ఆ సాఫ్టువేరును నిలిపివేసిరి.) కనుక ఆనాటి సైకిలు యాత్రికుని యెన్నిక ఇది: చూపు ఉండి బుద్ధి లేని పటమా, బుద్ధి ఉండి చూపు లేని పటమా? తెలిసినవారు మొదటిదానినే కొనిరి. చెడ్డ సలహాకన్న సలహా లేకుండుటయే మేలు గదా!

2000 సంవత్సరము ఈ కథను మలుపు త్రిప్పెను. ఫిబ్రవరిలో ‘ఎండెవర్’ వ్యోమనౌక పదునొకండు దినములు భూమిని చుట్టుచు రాడారుతో నేల యెత్తును కొలిచెను. నౌకలో నొకటి, 60 మీటర్ల పొడవు గల దండము చివర నొకటి, రెండు ఆంటెన్నాలు. మన రెండు కన్నులు దూరమును గ్రహించునట్లు అవి ఎత్తును గ్రహించినవి. ఉత్తరమున 60 డిగ్రీల నుండి దక్షిణమున 56 డిగ్రీల వరకు నేల యంతయు అంకెలైనది. అమెరికా వెలుపలి దేశములకు సుమారు 90 మీటర్లకొక అంకె చొప్పున మొదట ఇచ్చిరి. 30 మీటర్ల అంకెలు 2014 నుండి విడుదలైనవి. అదే 2000 మే నెల మొదట అమెరికా ప్రభుత్వము జి.పి.ఎస్. సంకేతములలో తాము బుద్ధిపూర్వకముగా కలుపుచున్న తప్పును తొలగించెను. అంతవరకు నూరు మీటర్ల దాకా తప్పు చూపిన చేతి పరికరము ఒక్క రాత్రిలో రోడ్డును రోడ్డుగా గుర్తింపగలిగెను.

ఇక కావలసినది రోడ్ల జాబితా. సర్వేవారి సమాచారము ఉచితము కాదు. దానిని తీసికొని మరియొక పటము చేయుటకు అనుమతియు లేదు. 2004లో లండనునందు స్టీవ్ కోస్ట్ అను విద్యార్థి ‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’ను ప్రారంభించెను. ఎవరి వీధిని వారు జి.పి.ఎస్. పట్టుకొని నడచి, సైకిలుపై తిరిగి గీయుటయే దాని పద్ధతి. 2006 మే నెలలో స్వచ్ఛందకులు కొందరు ఐల్ ఆఫ్ వైట్ అను ద్వీపమునకు పోయి అచటి రోడ్లను గీసివచ్చిరి. బార్తలోమ్యూ పటములను క్లబ్బు సభ్యులు దిద్దిన ఏర్పాటే ఇది. ఈసారి పటము ఎవరి సొత్తును కాదు, అంతే భేదము. తొలినాటి స్వచ్ఛందకులలో సైకిలువారు పెక్కుమంది యగుటచేత, రోడ్డు పేరుతోపాటు దాని పైపొర తారా, కంకరయా, మట్టియా, నునుపుగా నున్నదా యనుటకు కూడ అందు గుర్తులున్నవి. దానిపై ఆధారపడి 2009లో కేంబ్రిడ్జిలో వెలువడిన ‘సైకిల్ స్ట్రీట్స్’ ఒకే గమ్యమునకు మూడు దారులు చూపును: వేగమైనది, ప్రశాంతమైనది, రెంటికి మధ్యస్థమైనది. ముగ్గురు మనుష్యులకు మూడు వెలలని అది ఒప్పుకొన్నదన్నమాట. మరుసటి యేడు మార్చిలో గూగుల్ పటము అమెరికాలో సైకిలు దారులు చూపుట మొదలిడెను.

సాఫ్టువేరు ఎన్నుకొనువాడు తప్పక అడుగవలసినది ఇచట తేలుచున్నది. ఎత్తు అంకెలు ఎచటివి? వానిని ఎట్లు వాడుచున్నారు? ఎందుకనగా రాడారు నేలను మాత్రమే చూడదు. చెట్ల తలలను, ఇండ్ల కప్పులను కూడ కొంతవరకు చూచును. కోనసీమలో కొబ్బరితోటల నడుమ కాలువగట్టుపై 10 కిలోమీటర్ల దారి యనుకొనుడు. నేల బల్లపరుపు. 30 మీటర్లకొక అంకె చొప్పున 333 అంకెలు. చెట్టున్నచోట 3 మీటర్లు హెచ్చు, లేనిచోట తగ్గు, ఇట్లు ఒకటి విడచి ఒకటి మారినచో 166 పర్యాయములు మూడేసి మీటర్ల ఎక్కుడు. మొత్తము దాదాపు 500 మీటర్లు! మన తొలి లెక్క ప్రకారము అది 25 కిలోమీటర్ల శ్రమ. లేని కొండను భయపడి యంత్రము మనలను మరియొక దారిని త్రిప్పును. నేను కల్పించిన ఈ ఉదాహరణ కొంత అతిశయమే. తప్పు పెరుగు తీరు మాత్రము ఇదే. దీనిని అణచుటకు మంచి సాఫ్టువేరు కొద్దిపాటి హెచ్చుతగ్గులను లెక్కలోనికి తీసికొనదు. మరీ ఎక్కువ అణచినచో నిజమైన చిన్న గట్టులును మాయమగును. వంతెన మరియొక తంటా: ఉపగ్రహపు అంకె క్రింది వాగుదైనచో, చదునైన వంతెనపై మనము లోయలోనికి దిగి ఎక్కినట్లు చూపును. ఒకే దారికి రెండు సాఫ్టువేరులు రెండు ఎక్కుడులు చెప్పుటలో వింత లేదు.

మన దేశపు అంకెలకు మరియొక మూలము కలదు. 2005 మే 5న శ్రీహరికోట నుండి ఎగసిన కార్టోశాట్-1 రెండు కెమెరాలతో, ఒకటి ముందునకు 26 డిగ్రీలు, ఒకటి వెనుకకు 5 డిగ్రీలు వంచి, ఒకే నేలను రెండు కోణముల నుండి చూచెను. ఆ జంటచిత్రముల నుండి కట్టిన ఎత్తుల పటమును హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము 2009లో ప్రారంభమైన ‘భువన్’ ద్వారా అందించుచున్నది. ఇదియు చెట్లకు లోబడినదే. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము కొత్త నియమములు ప్రకటించి, పటముల తయారీకి ముందస్తు అనుమతుల అవసరమును చాలవరకు తొలగించెను.

తరగతిలో చేయదగిన పరీక్షలు రెండు చెప్పెదను. ఖర్చు లేదు. ఒకటి: సాఫ్టువేరుచేత మీ ఊరినుండి పొరుగూరికి, మరల అదే దారిన వెనుకకు గీయింపుడు. పోవునపుడు ఎక్కినంత వచ్చునపుడు దిగవలెను. ఆ రెండంకెలును సరిపోనిచో లోపల లెక్క ఎక్కడనో జారినది. రెండు: మన రైల్వే స్టేషన్ల పసుపుపచ్చ పేరుపలకలపై సముద్రమట్టమునకు ఎత్తు వ్రాసియుండును. దగ్గరి స్టేషన్లు రెంటి అంకెలు వ్రాసికొనివచ్చి, వాని భేదమును సాఫ్టువేరు చెప్పు ఎత్తుల భేదముతో పోల్చుడు. రెండు మూడు మీటర్లు తేడా వచ్చినచో తప్పు పట్టనక్కరలేదు. పదిహేను, ఇరువది వచ్చినచో ఆ ప్రాంతమున దాని కొండలను నమ్మకుడు. ఇక రోడ్డు పైపొర సంగతి: మీ ఊరి దారిని ఓపెన్ స్ట్రీట్ మ్యాపులో తెరచి చూడుడు. తారో, మట్టియో అక్కడ వ్రాసిలేనిచో, ఏ దేశపు సాఫ్టువేరైనను ఆ దారి విషయమున ఊహించి చెప్పుచున్నదే. ఆ దారిన రోజూ త్రొక్కువాడు పది నిమిషములలో దానిని వ్రాయవచ్చును.